చేట ఉండవచ్చు

బ్లాక్‌టౌన్, సిడ్నీ
2025 మార్చి 9

పూజ్యురాలు కళావతి చిన్నమ్మమ్మకు,

నమస్కారాలు ముందు, అభియోగాలు తరువాత.

నాతో ఇక ఫోనులో మాట్లాడనని మీరు శపథం పట్టినట్టు మీ మనవడు కౌశల్ చెప్పాడు. "ఫోనులో అది ఊపిరి తీసుకోదు, ఉత్తరంలో అయితే వాక్యం చివర చుక్కన్నా పెడుతుంది" అన్నారట. వాడు ఇంగ్లీషులో చెప్పినా బాణం తెలుగులోనే తగిలింది. సరే, చుక్కలు పెడతాను. ఇంగ్లీషులో రాస్తే చింపేస్తానన్న మీ రెండో షరతు నాకు శిక్ష కానే కాదు. రేపల్లెలో డిగ్రీ దాకా తెలుగులో వాదించి గెలిచినదాన్ని. ఇక్కడ లా చదువుతూ ఇంగ్లీషులో వాదిస్తున్నా, కోపం మాత్రం ఇప్పటికీ మాతృభాషలోనే వస్తుంది.

విషయానికి వస్తాను. జూన్‌లో విశ్వవిద్యాలయాల చర్చాపోటీ ఫైనల్ ఉంది. మా జట్టు అక్కడికి చేరుతుందన్న నమ్మకం నాకు ఉంది. మిగతా ఇద్దరికీ లేదు. వారి వంతు నమ్మకం కూడా నేనే మోస్తున్నాను. ఫైనల్ అంశాన్ని ముందే ప్రకటించారు: "మూస పాత్రలకు ఒప్పుకున్న నటులు తమ జాతికి అపకారం చేశారు." ఎవరు ఔననాలో, ఎవరు కాదనాలో తరువాత చీటీ తీసి తేలుస్తారు. నాకు కావలసింది మాత్రం ఔననే పక్షమే. అంశం చూడగానే నాకు మీరు గుర్తుకు వచ్చారు. దీన్ని అవమానంగా తీసుకోవద్దు, సాక్షికి అందిన పిలుపుగా తీసుకోండి.

లండన్‌లో నాలుగు దశాబ్దాల పాటు బ్రిటిష్ టెలివిజన్‌లోనూ సినిమాల్లోనూ నటించిన మా వంశపు ఏకైక నటి మీరు. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రతి ముక్కా చూశాను. మీరు నర్సు. మరోచోట ఇంకో నర్సు. వీధి మలుపులో కొట్టు ఆవిడ. కొడుకు జైలుకు వెళితే ఏడ్చే తల్లి. కోడలు ఇంగ్లీషు పిల్ల అని తెలిసి ఏడ్చే అత్త. ఒక పోలీసు సీరియల్లో, కథ మొదలవక ముందే నేల మీద పడి ఉన్న శవం. చివర వచ్చే పేర్లలో మీ పాత్రలకు పేర్లే లేవు. "రెండవ నర్సు", "దుకాణంలో స్త్రీ", "తల్లి". శవానికైతే ఆపాటి గౌరవం కూడా దక్కలేదు.

ఇప్పుడు నా ప్రశ్నలు. మీరు కాదన్న పాత్ర ఒక్కటైనా ఉందా? ఏ దర్శకుడినైనా ఎదిరించారా? ఎప్పుడైనా సిగ్గుపడ్డారా? మీరు బాధితురాలని నా వాదన. కాదంటారా, నిరూపించండి.

మీ జవాబు కోసం ప్రత్యర్థిలా ఎదురుచూస్తూ,
తన్మయి

*

డార్విన్
మార్చి 20

చిరంజీవి తన్మయికి,

నీ నోటికి నా ఆశీస్సులు. నీతో ఒకే గదిలో ఉంటున్న ఆ సింధుజ చెవులకి నా జాలి.

నీ ఉత్తరం అందింది. నీ దస్తూరీ అచ్చం మీ అమ్మమ్మ దస్తూరీయే. మా అక్క కూడా తిట్టేచోట ఇలాగే కింద రెండు గీతలు గీసేది, ఎక్కడ కోప్పడిందో నాకు తెలియకుండా పోతుందేమోనని.

సిగ్గుపడ్డానా అని అడిగావు. ఒకసారి పడ్డాను. శవం వేస్తున్నప్పుడు తుమ్మొచ్చింది. అంతమంది పోలీసులూ ఉలిక్కిపడ్డారు.

అసలు ఎలా మొదలైందో చెప్తాను, విని ఆ తరవాత బాధితురాలిని చెయ్యి. లండన్ వెళ్ళిన కొత్తల్లో నేనొక ఆసుపత్రిలో టైపు కొట్టేదాన్ని. మీ చిన్న తాతయ్య యోగానంద్ గారు రైల్వేలో ఇంజనీరు. ఓ రోజు టీవీ వాళ్ళు మా ఆసుపత్రికి షూటింగుకొచ్చారు. నర్సు వేషానికి తెచ్చుకున్న అమ్మాయికి జ్వరం తగిలింది. ఆ బట్టలు నాకు తొడిగి, "అటునించి ఇటు నడువు, అంతే" అన్నారు. నడిచాను. దార్లో మంచమ్మీద రోగి దుప్పటి జారిపోయి ఉంది. చూస్తూ చూస్తూ ఎలా వెళ్ళిపోతాం? ఆగి, సర్ది, కాళ్ళ కింద దోపి మరీ వెళ్ళాను. డైరెక్టరు అరిచాడు. తీరా తెరమీద చూసుకుంటే హీరో మాట్లాడుతున్నా అందరి కళ్ళూ నా చేతులమీదే ఉన్నాయిట. మర్నాడు కబురు పెట్టారు.

అప్పట్నించీ నాదొకటే సూత్రం. చేతికి పనిలేకుండా కెమెరా ముందు నిలబడను. మాట్లాడేవాడి దగ్గర్నించి కెమెరాని లాక్కోవాలంటే గొంతు చాలదే, చెయ్యి కావాలి. కొట్టావిడగా దారం ఉండ చుట్టాను. అత్తగా బఠాణీలు ఒలిచాను. ఏడ్చే తల్లి అన్నావు చూడు, మళ్ళీ సరిగ్గా చూడు. నేను ఏడవలేదు. జైలుకెళ్ళిన కొడుకు చొక్కాకి బొత్తాం కుడుతూ కూర్చున్నాను. ఏడ్చింది చూసినవాళ్ళు.

ఇక్కడి సంగతులు ఏం చెప్పమంటావు. వానలు ఇంకా వదల్లేదు, అప్పడాలు మెత్తబడిపోయాయి. నన్ను లండన్ నించి ఇక్కడికి తెచ్చుకున్నాడే గానీ, మా అబ్బాయి ఉపేంద్ర పొద్దున ఆసుపత్రి డ్యూటీకి వెళ్తే రాత్రికి ఇల్లు చేరుతున్నాడు. వీటికి తోడు కొత్తగా ఒకటి వచ్చి పడింది. ఒక టీవీ కంపెనీ డార్విన్‌లో సీరియల్ తీస్తోంది. బ్రిటిష్ టీవీలో వేసిన ముసలావిడ ఈ ఊళ్ళో ఉందని ఎవరో చెప్పారట, తిన్నగా నా మీద పడ్డారు. పాత్ర ఏమిటంటావు? వరండాలో కూర్చున్న ముసలమ్మ. పేరు కూడా లేదు, కాగితంలో "ముసలమ్మ" అనే ఉంది. మొదటి ఎపిసోడ్ చివర చచ్చిపోతుంది. ఒక్క ముక్క డైలాగు లేదు తన్మయీ. ఒక్క ముక్క! నా బతుక్కి ఈ వయసులో ఇది కూడా రాసిపెట్టి ఉంది. కాగితం చూసిన దగ్గర్నించీ ముద్ద దిగట్లేదు. ఏం చేస్తాం, నుదుటి రాత. జూన్ లోపలే షూటింగట.

పెరుగు వేసుకుని తిను. వాదించేవాళ్ళకి వేడి చేస్తుంది.

నీ చిన్నమ్మమ్మ
కళావతి

*

బ్లాక్‌టౌన్
ఏప్రిల్ 2

చిన్నమ్మమ్మకు ధిక్కార పూర్వక వందనాలు,

మీ లేఖ రైల్లో చదివాను. చివరి పేరా దగ్గర నేను పైకే "అన్యాయం" అన్నాను. ఎదురు సీటులోని పెద్దాయన ఎందుకైనా మంచిదని తన బ్యాగు దగ్గరికి లాక్కున్నాడు.

నాలుగు దశాబ్దాల అనుభవమున్న నటికి ఒక్క మాట ఇవ్వరా? ఒక్క పేరు ఇవ్వరా? ముద్ద దిగడం లేదని మీరు రాసిన వాక్యం నా గొంతులోనూ అడ్డం పడింది. ఏం చేస్తాం అని అడిగారు. నుదుటి రాత అన్నారు. నుదుటి మీద రాసినది చెరపలేకపోవచ్చు. కాగితం మీద రాసినది తప్పకుండా మార్పించవచ్చు.

అందువల్ల మొన్న ఆదివారం ఆ కంపెనీకి నేను నాలుగు పుటల లేఖ పంపాను.

దాని సారాంశం మీకు తెలియాలి. మౌనం అంగీకారం కాదని మొదలుపెట్టాను. మాట ఇవ్వకుండా మనిషిని చూపించడం ఆమెను కుర్చీతో సమానం చేయడమేనన్నాను. పాత్రకు పేరు, గౌరవప్రదమైన వృత్తి, మరణానికి ముందు చెప్పుకోదగ్గంత ప్రసంగం ఉండి తీరాలని కోరాను. చేట, జపమాల, అగరొత్తుల పొగ వంటి తెల్లవారి ఊహలోని సామగ్రి ఏదీ ఆ వరండాలో కనపడరాదని షరతు విధించాను. నోరు తెరవకుండా చావడం మా ఇంటి ఆడవాళ్ళ సంప్రదాయం కాదని ముగించాను. కింద "శ్రీమతి కళావతి గారి ప్రతినిధి" అని సంతకం చేశాను.

సింధుజ అడ్డుపడింది. తనది కరీంనగర్, సత్యం పలికేటప్పుడు మొహమాటం ఎరుగదు. "గా ముసలామె నిన్ను అడిగిందా? ఊకోరాదే!" అంది. అడిగే స్థితిలో ఉన్నవారు బాధితులు ఎలా అవుతారని నేను ఎదురు ప్రశ్న వేశాను. తను చెవుల్లో ఏదో పెట్టుకుంది. గెలుపుగా భావిస్తున్నాను.

కంపెనీ చిరునామా కౌశల్ పంపాడు. వాడు మాత్రం, "అక్కా, నానమ్మ లుక్స్ ప్రెటీ హ్యాపీ టు మీ. షీ వాజ్ హమ్మింగ్" అని రాశాడు. పాపం పసివాడు. నటికి ఇంట్లో కూడా నటించవలసి వస్తుందని వాడికెలా తెలుస్తుంది?

ధైర్యంగా ఉండండి. మీ పక్షాన ఒక గొంతు ఉంది.

మీ
తన్మయి

*

డార్విన్
ఏప్రిల్ 15

ఓసి నా తల్లీ, నా పాలిట ప్రతినిధీ,

ఆశీర్వచనం ఈ ఉత్తరం చివర పెడతాను, అప్పటికి మనసొస్తే.

నువ్వు మన ఇంట్లో పుట్టలేదుటే? మంచి కబురు మనం ఎప్పుడన్నా నవ్వుతూ చెప్పుకున్నామా? మీ అమ్మ పుట్టినప్పుడు మా అక్క లండన్‌కి రాసిన ఉత్తరంలో ఏముందో తెలుసా? "ఏం చెప్పనే, ఆడపిల్ల, ఆ కళ్ళు తప్ప ఇంకేం లేవు, వచ్చినవాళ్ళంతా దాన్ని దింపకుండా చంపుకు తింటున్నారు" అని. అంటే బంగారుబొమ్మ పుట్టిందని అర్థం! నీకు సిడ్నీలో సీటొచ్చినప్పుడు మీ అమ్మ వీధంతా ఏడుస్తూ తిరగలేదూ, మా కొంప ముంచింది, మా కొంప ముంచింది అని? దిష్టి తగలకుండా మంచిమాట ఏడుస్తూ చెప్పడం మనవాళ్ళ అలవాటు. ముద్ద దిగట్లేదంటే సంతోషం పట్టలేక దిగట్లేదని! నుదుటి రాతంటే నా అదృష్టమని! ఇంతంత చదువుకున్నావు, ఈపాటి తెలియలేదా?

ఇంకో మాట చెప్తాను. ఉపేంద్రకి తెలియదు, నువ్వూ నోరెత్తకు. ఎత్తకుండా ఉండటం నీకు కష్టమే, అయినా ఎత్తకు.

మాటలు నిలవట్లేదే.

మొన్న శివరాత్రికి ఇక్కడి తెలుగువాళ్ళు పద్యం చదవమన్నారు. చిన్నప్పట్నించీ నోటికొచ్చిన పద్యం. రెండో పాదం దగ్గర నా నోట్లోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. దగ్గు తెరపట్టినట్టు నటించి దిగిపోయాను. అందరూ మంచినీళ్ళు తెచ్చారు. బాగానే నటించాను. కానీ ఆ రోజే తెలిసింది, ఇంక నేను మాటలున్న పాత్ర వెయ్యలేనని. సరిగ్గా అప్పుడు, ఒక్క మాట లేకుండా, కూర్చుని, చచ్చిపోయే పాత్ర గుమ్మంలోకి నడిచొచ్చింది. నా చేతులు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఒక్కసారి, ఆఖరిసారి, వేద్దామనుకున్నాను.

నీ ఉత్తరం అందుకుని కంపెనీవాళ్ళు హడలిపోయారు. డైరెక్టరు హెదర్ అనే ఆవిడ, రాసే కుర్రాడు కాలమ్, ఇద్దరూ పూలగుత్తితో వచ్చారు. ఆ కాలమ్ మోకాళ్ళమీద కూర్చుని క్షమించమన్నాడు. లే బాబూ, ఇవాళ ఇంకా ఊడవలేదు అన్నాను. పాత్ర మార్చేశారుట. ఇప్పుడు నేను రిటైరైన హైకోర్టు జడ్జీని. చచ్చిపోయే ముందు కొడుకునీ కోడల్నీ కూర్చోబెట్టి ఉపన్యాసం ఇస్తాను. మూడు పేజీలు! అందులో "మౌనం అంగీకారం కాదు" అని ఉంది. ఎక్కడో విన్నట్టుందే అనుకున్నాను. కుర్చీతో సమానం అని కూడా ఉంది. ఆ అబ్బాయి నీ ఉత్తరమంతా నా నోట్లో కుక్కాడు.

నా జన్మలో ఒక్కసారి కూడా నాకు అరపేజీ డైలాగు ఎవరూ ఇవ్వలేదు. కుర్రతనంలో ఇచ్చుంటే లండన్ దద్దరిల్లేది. ఇప్పుడిచ్చారు, నీ పుణ్యమా అని. వద్దంటే కారణం అడుగుతారు. కారణం తెలిస్తే ఈ పాత్రా పోతుంది, ఇంకెప్పుడూ ఎవరూ పిలవరు. ఒప్పుకుంటే అంతమంది ముందు నోరు తెరుచుకుని ఉండిపోతాను. నువ్వు లా చదువుతున్నావుగా, దీనికి ఏ సెక్షన్ ఉందో చూడు.

ఆశీర్వచనానికి మనసు రాలేదు. అయినా చల్లగా ఉండు.

కళావతి

*

బ్లాక్‌టౌన్
ఏప్రిల్ 28

చిన్నమ్మమ్మకు,

నా జవాబును మూడు భాగాలుగా నిర్మించాను. మొదటి భాగం: తప్పు నాదే. రెండవ, మూడవ భాగాలు మొదటిది రాసిన తరువాత నిలబడలేదు.

మీ లేఖను నేను చట్టంలా చదివాను, మన ఇంటి మనిషిలా చదవలేదు. అమ్మ ఏడుపు నాకు గుర్తుంది. నేను విమానం ఎక్కినప్పుడు "దరిద్రం వదిలింది" అని ఆమె అందరికీ మిఠాయి పంచింది. అప్పుడు అర్థమైనది ఇప్పుడు ఎందుకు అర్థం కాలేదంటే, మాట ఇవ్వకపోవడాన్ని మించిన అవమానం నా లోకంలో లేదు. అది మీకు వరం కాగలదని ఊహించలేదు. ఇంతకు మించి వాదించను. (వాదించగలను. వాదించను.)

అయితే ఒక్క విషయంలో తగ్గను. పేరు లేకపోవడం తప్పే. అది మీకు తప్పుగా తోచకపోవడం ఇంకా పెద్ద తప్పు.

పరిహారం గురించి ఆలోచించాను. కంపెనీకి రెండవ లేఖ సిద్ధంగా ఉంది. గత లేఖలో కోరిన ప్రసంగాన్ని పునరాలోచన మీదట తిరస్కరిస్తున్నామని, ఒక న్యాయమూర్తి తన జీవితమంతా మాట్లాడి అలసి ఉంటుందని అందులో తర్కించాను. ఈసారి మీ అనుమతి వచ్చేదాకా పంపను.

మరో మార్గం కూడా ఉంది. మేము ప్రసంగాలను చిన్న చిన్న అట్టల మీద రాసుకుని అరచేతిలో పెట్టుకుంటాం. ఒక్కో అట్ట మీద ఒక్కటే మాట. మిగతాది ఆ మాటే లాక్కువస్తుంది. మీ మూడు పేజీలనూ కౌశల్ ఫోనులో ఫోటో తీసి పంపాడు. అట్టలు చేసి దీనితో పంపుతున్నాను. వాటిలో నా వాక్యాలే ఉండటం చూసి, నేను రాసింది ఎంత పొడుగో మొదటిసారి తెలిసింది. ఊపిరి తీసుకునే చోటు లేదు. మీరు ఫోను ఎందుకు మానేశారో కూడా తెలిసింది.

సెమీఫైనల్ గెలిచాం. న్యాయనిర్ణేత నన్ను పిలిచి, "నీ వాదన బాగుంది, ఎక్కడ ఆపాలో నేర్చుకో, వినేవాళ్ళకి ప్రత్యర్థి మీద జాలి పుడుతోంది" అన్నాడు. పొగడ్తో కాదో తేల్చుకోలేకపోయాను.

పశ్చాత్తాపంతో,
తన్మయి

*

డార్విన్
మే 12

చిరంజీవి తన్మయికి,

అన్ని అక్షింతలూ నీ మీదే వేశాను, ఒకటో రెండో తగిలుంటాయి.

రెండో ఉత్తరం పంపావంటే నిజంగానే చస్తాను, కెమెరా లేకుండా. ఆ కాలమ్ మొదటి ఉత్తరం దెబ్బకే గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

నీ అట్టలు అందాయి. వంటింట్లో వరసగా పెట్టుకున్నాను, ఆవాల డబ్బా మీద ఒకటి, మెంతుల డబ్బా మీద ఒకటి. అక్కడికీ ఇక్కడికీ నడుస్తూ చెప్తుంటే బాగానే వస్తోంది. వరండాలో కూర్చుంటే పోతోంది. ఆవాలు లేకుండా న్యాయం గుర్తు రావట్లేదు. కౌశల్ కాగితం పట్టుకుని కూర్చుంటాడు. నిన్న నేను "ఈ ఇంటి పునాది సత్యం మీద ఉంది" అనడానికి బదులు "ఇంగువ మీద ఉంది" అన్నానుట. "నానమ్మా, దట్స్ నాట్ ద లైన్" అన్నాడు. "నిజం కాదుట్రా?" అన్నాను. "ఐ మీన్, ఇట్స్ ట్రూ" అన్నాడు. వాడు మంచి పిల్లాడు. నాకు మాట తడబడిన ప్రతిసారీ తల దించుకుని కాగితంలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తాడు. వాడికి తెలిసిపోయింది. తెలియనట్టు బాగా వేస్తున్నాడు, మన రక్తమే.

ఇప్పుడు అసలు సంగతి. నాకు చేతికి పని కావాలి. జడ్జీ చేతిలో ఏం పెడతారని అడిగితే లావుపాటి పుస్తకం ఇచ్చారు. పుస్తకంతో చేతులేం చేస్తాయే? పేజీ తిప్పుతాయి, అంతే. చేటలో బియ్యం పొయ్యండి, రాళ్ళేరుతాను అన్నాను. హెదర్ మొహం పాలిపోయింది. "సారీ కళా, మీ ప్రతినిధి చేటని నిషేధించారు" అంది. నీ ఉత్తరం రంగు పెన్నుతో గీతలు కొట్టి ఫైల్లో పెట్టుకున్నారు! జడ్జీ అయినంత మాత్రాన ఇంట్లో బియ్యం ఏరుకోదా అంటే, అది నువ్వు రాసి ఇవ్వాలిట.

కాబట్టి రాసి ఇవ్వు. ఒక్క లైను. నీకు చేతనవుతుందా?

ఇక్కడ వానలు ఆగాయి. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. షూటింగ్ ఈ నెలాఖరుకి.

నీ చిన్నమ్మమ్మ

*

బ్లాక్‌టౌన్
మే 20

చిన్నమ్మమ్మకు,

పంపాను.

మొదటి ప్రతి రెండు పుటలు వచ్చింది. చేట అన్నది చూసేవాడి చేతిలో మూస, వాడేదాని చేతిలో పనిముట్టు అని మొదలై, వస్తువుకు జాతి ఉండదు, చూపుకు ఉంటుంది అని సాగింది. రాస్తుంటే నా మీద నేనే గెలుస్తున్న తృప్తి కలిగింది. సింధుజ తీసుకుని చదివింది. "గింత కథెందుకే? పెట్టుకొమ్మని చెప్పు, అయిపాయె" అని నా చేతిలోంచి పెన్ను లాక్కుంది. రెండవ ప్రతి అరపుట. మూడవది ఒక పేరా. చివరకు పంపిన లేఖ పూర్తి పాఠం ఇది:

"చేట ఉండవచ్చు."

నేను ఇంతవరకు రాసిన వాటిలో ఇంత కష్టమైన రచన లేదు. దానితో పాటే మీ ప్రతినిధి పదవికి రాజీనామా కూడా చేశాను. ఆ పదవిని నాకు ఎవరూ ఇవ్వలేదని సింధుజ గుర్తు చేసింది, అయినా చేశాను.

ఇక నా దురదృష్టం వినండి. (ఇది నిజమైన దురదృష్టం, మన ఇంటి రకం కాదు.) ఫైనల్‌కు నిన్న చీటీ తీశారు. కాదనే పక్షం మాకు వచ్చింది. నేను ఎవరిని ఖండించాలని మూడు నెలలుగా కత్తి నూరానో, ఇప్పుడు వారి తరఫునే నిలబడాలి. వారు అంటే మీరు.

సిద్ధం చేసినదంతా పక్కన పెట్టి మీ పాత దృశ్యాలు మళ్ళీ చూశాను, ఈసారి మీ చేతులను మాత్రమే. బొత్తాం కుట్టే దృశ్యంలో దారం తెంపడానికి మీరు తల వంచినప్పుడు ఆ చొక్కాను ఒక్క క్షణం వాసన చూశారు. నేను మొదటిసారి చూసినప్పుడు, ఆ గదిలో అరుస్తున్న పోలీసు అధికారి వాక్యాలు రాసుకుంటూ ఉన్నాను.

ధైర్యంగా వెళ్ళండి. అట్టలు మరచిపోయినా ఫరవాలేదు.

తన్మయి

*

డార్విన్
జూన్ 3

చిరంజీవి తన్మయికి,

ఏం చెప్పను, అంతా నాశనమైపోయింది.

నా మూడు పేజీలూ పోయాయి. కొడుకు వేషం వేసిన విష్ణువర్ధన్ అనే కుర్రాడు, కోడలి వేషం అమ్మాయి, నా కాళ్ళ దగ్గర కూర్చున్నారు. ఒళ్ళో చేట. ఈ దేశపు బియ్యంలో రాయి అన్నదే ఉండదుగా, సామాన్లు చూసే అమ్మాయి పెరట్లోంచి గులకరాళ్ళేరి, కడిగి, ఆరబెట్టి కలిపింది. కోడిగుడ్డులో సగమంత రాళ్ళు! ఇంత రాయి పడితే రైతుని జైల్లో పెట్టాలి, నేను జడ్జీనే కదా అన్నాను. అందరూ నవ్వారు. తరవాత కెమెరా తిరగడం మొదలెట్టింది.

మొదటి వాక్యం వచ్చింది. రెండోది వచ్చింది. మూడోదాని దగ్గర శివరాత్రినాడు వచ్చిన గాలే వచ్చింది. వెతికాను. ఆవాల డబ్బా లేదు, మెంతులు లేవు. నా కొడుకు వేషంలో ఉన్న పిల్లాడు నా మొహంలోకి చూస్తున్నాడు. దగ్గుదామనుకున్నాను. సిగ్గేసింది, ఎన్నిసార్లని దగ్గుతాం? చేతులు మాత్రం నా మాట కోసం ఆగలేదు, వాటి పని అవి చేసుకుపోతున్నాయి. ఒక రాయి తీశాను. పక్కన పెట్టాను. ఇంకోటి తీసి ఆ పిల్లాడి అరచేతిలో పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు, మా నాన్న నాకలా పెట్టేవాడు, పారేసి రమ్మని. ఆ కుర్రాడు దాన్ని పారెయ్యలేదు. గుప్పిట మూసుకుని భోరుమన్నాడు. ఎవరూ కట్ అనలేదు. నేను చేటతో చెరిగి, బియ్యం ఓ పక్కకి తెచ్చి, చేట మీద చెయ్యి వేసి, చచ్చిపోయాను. పొట్టలో ఊపిరి పట్టి, కళ్ళు సగం మూసి. పాత విద్య. తుమ్ము రాలేదు.

హెదర్ ఏడుపు మొహంతో వచ్చి, ఇంక మళ్ళీ తియ్యనంది. ఉపన్యాసం తీసేస్తోందిట. పాపం కాలమ్ మూడు పేజీలూ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. "మీరు ఆ రాళ్ళతో తీర్పు చెప్పారు" అన్నాడు. నేను రాళ్ళేరాను, అతను అర్థాలేరుకున్నాడు. పోనీలే, ఎవరి పని వాళ్ళది. ఇంతటితో వదిలారా అంటే అదీ లేదు. చచ్చిపోయాక కూడా గోడమీద ఫోటోగా, కొడుకు కలల్లోనూ నన్ను పిలుస్తారుట. ప్రతి ఎపిసోడూ! మాటలుండవుట. చచ్చినా సుఖం లేదు.

ఉపేంద్రకి మాత్రం ఏడుపూ నవ్వూ లేకుండా మామూలుగా చెప్పేశాను, మాటలు జారిపోతున్నాయని. కాసేపు నా చెయ్యి పట్టుకు కూర్చున్నాడు. ఈ నెలాఖరుకి పరీక్షలకి తీసుకెళ్తాడు. షూటింగ్ మానమనలేదు.

ఇంకొక్క సంగతి. నువ్వు అంత గోల చేశావు కనక పాత్రకి పేరు పెట్టాలన్నారు, ఆ పేరేదో నన్నే చెప్పమన్నారు. ఇన్నేళ్ళలో నన్నెవరూ అడగలేదే ఆ మాట. చెప్పాను. చివర్లో నా పేరుకి ఎదురుగా వేస్తారుట: జస్టిస్ తన్మయి.

ఈ వయసు ఆడవాళ్ళకి ఆ పేరు ఉండదని వాళ్ళకేం తెలుసు? ఒక్క మాట మాట్లాడకుండా, ఎవరితోనూ వాదించకుండా, చేట ముందేసుకుని ప్రశాంతంగా కూర్చున్న తన్మయిని లోకం మొదటిసారి చూడబోతోంది. చూసే భాగ్యం మీ అమ్మక్కూడా దక్కలేదు.

తన్మయి చాలా అందంగా పోయింది. నువ్వు బెంగపెట్టుకోకు.

ఆశీస్సులు, ఈసారి నిండుగా,
కళావతి

*

బ్లాక్‌టౌన్
జూన్ 16

చిన్నమ్మమ్మకు,

ఏం చెప్పను, నా కొంపా మునిగింది. ఫైనల్లో మీ బొత్తాం సంగతి చెప్పాక గొంతు ఆగిపోయింది. అట్టలు బల్ల మీదే ఉన్నాయి, గంట మోగడానికి ఇంకా చాలా సమయం ఉంది, నేను కూర్చున్నాను.

ఇంత పెద్ద కప్పు అంటగట్టి పంపారు. గదిలో పెట్టడానికి చోటు లేదు. సింధుజ దాంట్లో ఉల్లిపాయలు పోసింది.

పరీక్షల రోజు నేను డార్విన్‌లో ఉంటాను. టికెట్టు తీశాను. ఆ గదిలో నేనేమీ మాట్లాడను. చేతికి పని మాత్రం మీరే ఇవ్వాలి.

జస్టిస్ తన్మయి గారి మృతికి ప్రగాఢ సంతాపంతో,
ఇంకా బతికే ఉన్న
తన్మయి